సంపాదించే మనిషి పోయిన ఇంటికి రావలసిన సొమ్మును ఎలా ఇప్పించాలి?

పేదింట్లో సంపాదించే మనిషి చనిపోయినప్పుడు ఇరుగుపొరుగువారు చందాలు వేసుకుని నాలుగైదు వేలు చేతిలో పెడతారు. అది అవసరమే. కానీ ఆ కుటుంబానికి హక్కుగా రావలసిన సొమ్ము చాలాసార్లు అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. అడిగేవారు లేకనో, కాగితాల్లో పేరు కలవకనో అది ఆగిపోతుంది. గ్రామ సంఘాల్లోనూ స్వచ్ఛంద సంస్థల్లోనూ పనిచేసే కార్యకర్తలు దాన్ని రాబట్టే పద్ధతిని, తెలుగు రాష్ట్రాలను దృష్టిలో ఉంచుకుని, ఇక్కడ వివరిస్తున్నాను.

పరామర్శ అయ్యాక మొదట చూడవలసింది చనిపోయిన వ్యక్తి బ్యాంకు పాస్‌బుక్కు. బీమా ఉందా అని అడిగితే లేదనే చెబుతారు, ఎందుకంటే ఖాతా తెరిచిన రోజున భర్త ఏయే కాగితాల మీద సంతకం పెట్టాడో భార్యకు తెలియకపోవడం మామూలే. మే నెలాఖరులో 436 రూపాయలు కోసినట్టు పద్దు ఉంటే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, 20 రూపాయలు కోసినట్టు ఉంటే సురక్షా బీమా. మొదటిది ఏ కారణంతో చనిపోయినా, రెండోది ప్రమాదంలో చనిపోతేనే, చెరి 2 లక్షల రూపాయలు ఇస్తాయి. పద్దులు ఎక్కించకపోతే బ్యాంకులో ఎక్కించి చూడాలి. తెలంగాణలో పట్టాదారు పాస్‌బుక్కు ఉన్న 18 నుంచి 59 ఏళ్ల రైతుకు రైతు బీమా కింద 5 లక్షలు వస్తాయి. దానికి వ్యవసాయ విస్తరణ అధికారిని కలవాలి. భవిష్య నిధి (పీఎఫ్) కోత ఉన్న ఉద్యోగంలో ఉండగా చనిపోతే, ఆ నిధి సొమ్ముతోపాటు దానికి అనుబంధంగా ఉండే బీమా, కుటుంబ పింఛను కూడా ఉంటాయన్నది మరవకూడదు.

వీటన్నిటికీ మూలం మరణ ధ్రువీకరణ పత్రం. 21 రోజుల్లోగా నమోదు చేయిస్తే ఆలస్య రుసుము ఉండదు. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు తెచ్చుకోవలసి వస్తుంది. నమోదు జరిగేది మరణం సంభవించిన చోటనే కాబట్టి, పట్నం ఆసుపత్రిలో చనిపోయిన మనిషి పత్రం కోసం సొంత ఊరి పంచాయతీ కార్యదర్శి చుట్టూ తిరిగితే ఫలితం ఉండదు. ఆసుపత్రివారు వివరాలు రాసుకునేటప్పుడే ఆధార్‌లో ఉన్నట్టుగా పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, రాయించాలి. ఊళ్లో అందరూ పిలిచే ముద్దుపేరు పత్రంలోకి ఎక్కిందంటే, దాన్ని సరిదిద్దించడానికి పట్టే కాలం బీమా సొమ్ముకు పట్టే కాలం కంటే ఎక్కువ కావచ్చు.

ప్రమాదమైతే మరో జాగ్రత్త అవసరం. రోడ్డు ప్రమాదం, నీట మునగడం వంటి సందర్భాల్లో పోలీసులకు ఫిర్యాదు, శవపరీక్ష లేకుండా అంత్యక్రియలు జరిపితే సురక్షా బీమా దాదాపు చేజారినట్టే. దుఃఖంలో ఉన్నవారికి ఈ మాట చెప్పడం కష్టమే అయినా, ఆ రోజున చెప్పకపోతే తరువాత చేయగలిగింది ఉండదు. పాము కాటుకు, చెట్టు మీది నుంచి పడినదానికి వెంటనే చూసిన ఆసుపత్రి రికార్డు ఆధారమవుతుంది.

దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబంలో 18 నుంచి 59 ఏళ్ల మధ్య వయసున్న సంపాదనపరుడు చనిపోతే జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద ఒకేసారి 20,000 రూపాయలు అడగవచ్చు. వితంతు పింఛనుకు వేరే దరఖాస్తు పెట్టాలి.

పెద్దకర్మ ముగియకముందే అప్పులవాళ్లు వచ్చి, పాత ప్రామిసరీ నోటును ఆమె పేరిట తిరగరాసి ఇమ్మని భార్యను అడుగుతారు. ఆమె సంతకం పెట్టకుండా చూడడం కార్యకర్త చేయగల అతి పెద్ద ఆర్థిక సహాయమని నా అభిప్రాయం. భర్త ఒక్కడే తీసుకున్న అప్పుకు అతని నుంచి సంక్రమించిన ఆస్తి మేరకే వారసులు బాధ్యులు. కొత్త నోటు రాస్తే మాత్రం అది ఆమె సొంత అప్పు అవుతుంది. సూక్ష్మ రుణ సంస్థల అప్పులకు చాలావరకు బీమా ఉంటుంది గనుక, రుణ పత్రాలు చూడకుండా వాయిదా కట్టనివ్వకూడదు. ఒత్తిడి పెరిగితే 15100 నంబరుకు ఫోన్ చేసి న్యాయసేవాధికార సంస్థ సహాయం కోరవచ్చు. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలందరూ అక్కడ ఉచిత న్యాయసహాయానికి అర్హులే.

సొమ్ము జమ కావలసిన ఆమె ఖాతాను ముందే పరీక్షించాలి. పూర్తి గుర్తింపు పత్రాలు ఇవ్వకుండా తెరిచిన చిన్న ఖాతాలో నిల్వ 50,000 రూపాయలు దాటకూడదు కాబట్టి, 2 లక్షలు అందులో పడే వీలుండదు. ఆధార్ ఇచ్చి దాన్ని సాధారణ ఖాతాగా మార్పించాక, ప్రతి దరఖాస్తుకూ రసీదు తీసుకుని, ఆ నంబర్లను ఆమె ఇంట్లోనే ఉండే ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి. రేపు మీరు వేరే ఊరికి మారినా ఆమె ఆ పుస్తకం పట్టుకుని స్వయంగా వెళ్లి అడగగలుగుతుంది.