బయటి దేశంలో కంపెనీ పెట్టే ముందు మీ యూనిట్ లెక్క ఇలా తీయండి

2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద అదనపు సుంకాన్ని 50 శాతానికి చేర్చినప్పుడు, కావలి, ఒంగోలు వైపు రొయ్యల ప్లాంట్లు నడిపేవాళ్లకి "అక్కడే ఒక కంపెనీ పెట్టేస్తే పోలా?" అనిపించడం సహజమే. పెట్టొచ్చు. కానీ బయటికెళ్లిన కంపెనీలు బాగున్నాయి కదా, మనమూ వెళ్తే బాగుపడతాం అనుకుంటే అది తలకిందుల లెక్క.

హెల్ప్‌మన్, మెలిట్జ్, యేపుల్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 2004లో చెప్పింది ఇదే: ఉత్పాదకత (ఒక్కో మనిషి పని మీద వచ్చే విలువ) తక్కువున్న కంపెనీలు స్వదేశంలోనే అమ్ముకుంటాయి, మెరుగైనవి ఎగుమతి చేస్తాయి, అందరికంటే పైనున్నవే అవతలి దేశంలో ప్లాంటు పెడతాయి. ఎందుకంటే అక్కడి అద్దె, లాయరు, ఆడిటరు, జీతాలు సరుకు పోయినా పోకపోయినా కట్టాల్సిందే, ఆ బరువు మోసే శక్తి ముందే ఉండాలి.

మరి మీ శక్తి ఎంతో తేల్చేదెలా? ఏడాది అమ్మకాల్లోంచి రొయ్య, కరెంటు, ఐసు, ప్యాకింగ్, ఇలా బయట కొన్నవన్నీ తీసేయండి. జీతాలు మాత్రం తీయకండి, చాలామంది పప్పులో కాలేసేది అక్కడే. 20 కోట్ల అమ్మకంలో 15 కోట్లు పోతే మిగిలేది 5 కోట్లు, పనిచేసేవాళ్లు 250 మంది అయితే మనిషికి 2 లక్షలు, అదే మీ ఉత్పాదకత. పీలింగ్ షెడ్డుకి కాంట్రాక్టరు వ్యాన్‌లో వచ్చే ఆడవాళ్లనీ కలపాలి. మస్టర్‌లో (హాజరు పట్టీలో) పేర్లు లేవని వదిలేస్తే మీ యూనిట్ కాగితం మీద మాత్రమే గొప్పగా కనిపిస్తుంది. రేటు పెరిగిన ఏడాది ఈ అంకె దానంతటదే పెరుగుతుంది కాబట్టి, దాని పక్కనే, ఏటా ఒకే సైజు రొయ్యని, 30 కౌంట్ (కిలోకి 30 రొయ్యలు) అయితే 30 కౌంటే తీసుకుని, షిఫ్టుకి మనిషి ఎన్ని కిలోలు ఒలిచారు, కిలో రొయ్యకి మీట్ ఎంత దిగింది అన్నదీ రాసుకోండి. నాలుగైదేళ్లు వరసగా రాస్తే నిజం బయటపడుతుంది, ఒక్క ఏడాది అంకె చూసి పొంగిపోవద్దు.

తర్వాత బయటి లెక్క. అక్కడ సొంత ఆఫీసు, కోల్డ్ స్టోరేజీ నడపడానికి ఏడాదికి 4 కోట్లవుతుందనుకోండి. మధ్యలో ఇంపోర్టర్ తినే మార్జిన్‌లో కిలోకి 40 రూపాయలు మీకు మిగిలితే, 10 లక్షల కిలోలు, అంటే వెయ్యి టన్నులు అమ్మితేగానీ ఖర్చు రాదు. ఇందులో సుంకం తగ్గుతుందని మాత్రం రాసుకోకండి. రొయ్య పెరిగింది మన గుంటల్లో, అక్కడికి తీసుకెళ్లి ప్యాకెట్ మార్చినంత మాత్రాన అది వేరే దేశపు రొయ్య అయిపోదు.

చీమకుర్తి గ్రానైట్ వాళ్లదీ దాదాపు ఇదే కథ. గెలాక్సీ రాయి (అక్కడి నల్ల గ్రానైట్) ఉన్న క్వారీని ఎక్కడికీ మోసుకెళ్లలేం కదా, బయట పెట్టగలిగేది స్లాబుల యార్డు మాత్రమే. ముడి బ్లాకులే ఓడెక్కిస్తున్నవాళ్లయితే, నన్నడిగితే ఆ డబ్బు ఇక్కడ కోత, పాలిష్ మిషన్ల మీద పెట్టడమే మేలు.

ఇంత చూశాక కూడా లెక్క కుదిరితే మీ బ్యాంకుకి వెళ్లండి. 2022 ఓవర్సీస్ ఇన్వెస్ట్‌మెంట్ నిబంధనల ప్రకారం కంపెనీ తన నెట్‌వర్త్‌కి (అప్పులు పోను మిగిలే సొంత సొమ్ముకి) 400 శాతం వరకు, మామూలుగా రిజర్వు బ్యాంకు ముందస్తు అనుమతి లేకుండానే పెట్టొచ్చు. అక్కడి కంపెనీకి ఇచ్చే గ్యారెంటీ కూడా ఆ పరిమితిలోకే వస్తుంది. డబ్బు పంపేముందు బ్యాంకులో ఫారం ఎఫ్‌సీ ఇచ్చి, ఆ పెట్టుబడికి యూఐఎన్ అనే గుర్తింపు నంబరు తీసుకోవాలి, ఆ తర్వాత ఏటా డిసెంబరు 31లోగా పనితీరు నివేదిక వేయాలి, ఆ తేదీ మీ ఆడిటర్‌కి ఇప్పుడే చెప్పి పెట్టండి.