టర్బో ఇంజన్ హీటెక్కి ఆయిల్ తాగుతుంటే: హెడ్డు దింపక ముందు చూడాల్సినవి

గాజువాక ఆటోనగర్‌లో నా షెడ్డుకి అరకు ట్రిప్పులు కొట్టే ట్యాక్సీలు ఎక్కువగా వస్తాయి. బొడ్డవర దాటగానే ఘాట్ మొదలవుతుంది కదా, అక్కడి నుంచి అనంతగిరి దాకా చిన్న గేర్లలో టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే ఫ్యాన్) మీద భారం పడుతూనే ఉంటుంది. ఇంజన్‌లో దాగిన లోపాన్ని ఆ ఎత్తు బయటపెట్టేస్తుంది. పోయిన వేసవిలో అలాగే ఒక డీజిల్ కారు వచ్చింది. 1,40,000 కిలోమీటర్లు తిరిగిన బండి. ఆ ఘాట్‌లోనే డముకు దగ్గర టెంపరేచర్ సూది ఎర్రగీత తాకింది. 2,000 కిలోమీటర్లకి 3 లీటర్ల ఆయిల్ తాగింది. దాన్ని నడిపే అబ్బాయి అంతకు ముందే వేరే చోట కొత్త టర్బో వేయించాడు, నెల తిరక్కుండా మళ్లీ నీలం పొగ. ఇప్పుడు హెడ్డు (సిలిండర్ల పైన మూతలా బిగించే భాగం) దింపాలంటున్నారు. "అన్నా, ఈఎంఐ ఇంకా రెండేళ్లుంది" అన్నాడు ఆ అబ్బాయి.

ఆ బండికి హెడ్డు దింపలేదు, టర్బో మార్చలేదు. ఎలా వెతికామో చెబుతాను. మీ బండి ఏదైనా ఇదే వరసలో చూసుకోండి.

పానా పట్టుకునే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. పొగ ఎప్పుడు వస్తోంది? హీట్ ఎప్పుడు ఎక్కుతోంది?

నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. తెల్లపొగ ఎంతకీ ఆగకుండా, కాస్త తియ్యటి వాసనతో వస్తుంటే కూలెంట్, అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం. నల్లపొగ డీజిల్ సరిగా కాలక వచ్చేది, అది వేరే కథ. నీలం పొగలోనూ తేడాలున్నాయి. ఘాట్ దిగుతూ చాలాసేపు యాక్సిలరేటర్ వదిలేసి, మళ్లీ తొక్కగానే గుప్పున వస్తే వాల్వ్ సీల్స్ (వాల్వుల పక్కనుంచి ఆయిల్ దిగకుండా ఆపే రబ్బర్లు) మీద అనుమానం. పొద్దున్న మొదటి స్టార్ట్‌లో కొద్దిగా వచ్చి తగ్గిపోయినా అవే. లోడు మీద లాగుతున్నంతసేపూ వస్తే పిస్టన్ రింగులు (పిస్టన్ పక్కనుంచి ఆయిల్ పైకి ఎక్కకుండా ఆపేవి) కావచ్చు, టర్బో కావచ్చు. టోల్‌గేట్ దగ్గర రెండు నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచి, కదలగానే పొగ కొడితే టర్బోలో ఆయిల్ నిలిచిపోతోందన్నమాట. మన అబ్బాయి బండి చేసింది ఇదే.

హీట్ సంగతీ అంతే. ట్రాఫిక్‌లో ఏసీ వేసినప్పుడు ఎక్కి, హైవే మీద గాలి తగలగానే తగ్గితే ఫ్యాన్, దాని రిలే చూడండి. హైవే మీదా, ఎత్తు మీదా ఎక్కితే రేడియేటర్, థర్మోస్టాట్ (వేడెక్కాక కూలెంట్‌కి దారి తెరిచే వాల్వ్), వాటర్ పంపు చూడాలి. ఒక్క మాట గుర్తుంచుకోండి. ఎక్కిన సూది ఉన్నట్టుండి కిందికి పడిపోతే చల్లబడిందని సంబరపడకూడదు. కూలెంట్ అయిపోయి సెన్సర్‌కి నీళ్లు తగలకపోయినా సూది పడిపోతుంది. వెంటనే బండి పక్కకి ఆపేయాలి. రేడియేటర్ మూత మాత్రం వేడి మీద తియ్యొద్దు. పైనున్న హోస్ పైపు చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాలి, అప్పుడే. నా ఎడమ మోచేతి మీద మచ్చ ఆ తొందరపాటుదే.

తర్వాత ఆయిల్ కొలత. చదునైన చోట ఆపి, ఇంజన్ ఆపాక 10 నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) పై గీత దాకా నింపండి. కిలోమీటర్లు రాసుకోండి. 1,000 తిరిగాక మళ్లీ పై గీతకి రావడానికి ఎంత పట్టిందో కొలిచి పొయ్యండి. అందాజుగా "తాగుతోంది" అంటే ఎవరూ తేల్చలేరు. అప్పుడే డిప్‌స్టిక్ మీద ఆయిల్ రంగు కూడా చూడండి. పాలు పోసిన కాఫీలా ఉంటే ఆయిల్‌లో కూలెంట్ కలిసింది, బండి అక్కడి నుంచి నడపకూడదు. ఆయిల్ పోసే మూత అడుగున మాత్రమే కాస్త వెన్నలాంటిది ఉంటే కంగారు పడొద్దు, దగ్గర దగ్గర ప్రయాణాలకు పట్టే తేమ అది.

ఇప్పుడు చాలామంది వదిలేసే చోటికి వద్దాం: బ్రీదర్. పిస్టన్ పక్కనుంచి కొద్దిగా గ్యాస్ కిందికి దిగడం ఏ ఇంజన్‌లోనైనా ఉంటుంది. అది బ్రీదర్ గుండా బయటపడాలి. బ్రీదర్ మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది. టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది, ఆయిల్ పొర మీద తేలుతూ. ఆ ఆయిల్ కిందికి సంపులోకి (ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) తనంతట తనే జారిపోవాలి, దాన్ని లాగే పంపేదీ లేదు. కింద ఒత్తిడి ఉంటే జారదు. వెళ్లడానికి దారి లేక సీళ్ల పక్కనుంచి ఇంజన్ పీల్చే గాలిలోకీ సైలెన్సర్‌లోకీ తోసుకుపోతుంది. అలాంటి ఇంజన్‌కి ఎన్ని కొత్త టర్బోలు వేసినా పొగ మారదు.

దీనికి మా షెడ్డులో చేసే పరీక్షకి పైసా ఖర్చు లేదు. ఇంజన్ వేడెక్కాక ఐడిలింగ్‌లో ఉంచి, ఆయిల్ పోసే మూత తీసి, ఆ రంధ్రానికి పల్చటి చేతి తొడుగు తొడిగి రబ్బరు బ్యాండ్ వేస్తాం. అది వదులుగా వాలినా, కొద్దిగా లోపలికి పీల్చుకున్నా మంచిదే. ఆ బండికి మాత్రం అయిదు వేళ్లూ ఒక్కొక్కటే లేచి, తొడుగు బెలూన్‌లా నిలబడింది. బ్రీదర్ హోస్ విప్పితే లోపల నల్లటి జిగురు, తారులా. స్క్రూడ్రైవర్‌తో తోడాం. డీజిల్‌తో కడిగి ఆరబెట్టి బిగించాక తొడుగు వాలిపోయింది. ఇంత చేశాకా అది లేస్తూనే ఉంటే, అప్పుడు రింగులని అనుమానించాలి.

తర్వాత టర్బో ఆయిల్ రిటర్న్ పైపు విప్పాం. కొత్త టర్బో బిగించినప్పుడు గ్యాస్కెట్ పేస్ట్ ఎక్కువ పూశారు. అది లోపలికి ఉబ్బి, వేలు పట్టే దారి పెన్సిలంత అయింది. గోకి శుభ్రం చేసి పేస్ట్ లేకుండా గ్యాస్కెట్ వేశాం. టర్బో షాఫ్ట్‌ని పక్కకి కదిపితే సన్నటి ఆట ఉండటం సహజం. ముందుకీ వెనక్కీ కదిలినా, రెక్కలు గోడకి రాసుకున్న గీతలున్నా టర్బో పోయినట్టే. ఈ బండి టర్బో బాగానే ఉంది.

ఇంటర్‌కూలర్ (టర్బో నెట్టిన గాలిని చల్లబరిచే జాలీ) కూడా విప్పి ఆయిల్ వంచెయ్యాలి. సన్నటి పొర ఉండటం మామూలే, గ్లాసుడు ఉంటే మాత్రం ప్రమాదం. డీజిల్ ఇంజన్ ఆ ఆయిల్ పీల్చుకుని, తాళం తీసినా ఆగకుండా తనంతట తనే వేగం పెంచుకుంటూ పోగలదు. మాన్యువల్ బండైతే బ్రేకు బలంగా తొక్కిపట్టి, పై గేరు వేసి క్లచ్ వదిలి ఇంజన్‌ని ఆపెయ్యాలి. ఆగకపోతే బండి దిగి దూరంగా వెళ్లిపోండి.

మరి హీట్? రెండు జబ్బులకీ మూలం ఒక్కటేనని అప్పుడే తెలిసింది. ఇంటర్‌కూలర్ హోస్ అతుకు దగ్గర ఆయిల్ చెమ్మ కారుతోంది. గాలికి అది వెనక్కి పడి, ఏసీ కండెన్సర్‌కీ (రేడియేటర్ ముందుండే ఏసీ జాలీ) రేడియేటర్‌కీ మధ్య సందులో చేరింది. దాని మీద దుమ్ము, గడ్డి నూగు, పురుగులు పరుపులా పేరుకున్నాయి. ముందు నుంచి చూస్తే ఏమీ కనబడదు, కండెన్సర్ జరిపితేనే తెలుస్తుంది. డిగ్రీజర్ చల్లి, మెత్తటి బ్రష్‌తో, ఇంజన్ వైపు నుంచి ముందుకి తక్కువ ఒత్తిడి నీళ్లతో కడిగాం. ప్రెషర్ వాష్ కొడితే రేడియేటర్ రెక్కలు వంగిపోతాయి.

దీనితో తగ్గకపోతే చవకగా తేలే వాటితో మొదలుపెట్టండి. రేడియేటర్ మూత స్ప్రింగ్ బలహీనపడితే ఒత్తిడి నిలవక కూలెంట్ ముందే మరుగుతుంది. థర్మోస్టాట్‌ని గిన్నెలో నీళ్లు కాచి ముంచితే, దాని మీద రాసిన డిగ్రీల దగ్గర తెరుచుకోవాలి. బోరు నీళ్లు పోసే అలవాటుంటే రేడియేటర్ గొట్టాల్లో సున్నం కట్టి ఉంటుంది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషానికే పై హోస్ రాయిలా గట్టిపడితే, కూలెంట్ ట్యాంకులో బుడగలు ఆగకపోతే, హెడ్డు కింద ఉండే హెడ్ గ్యాస్కెట్ సంగతి ఆలోచించాలి. అయినా కంప్రెషన్ (ఒక్కో సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) కొలవకుండా హెడ్డు దింపనివ్వొద్దు. అంకెలు పెద్దగా ఉండటం కంటే సిలిండర్ల మధ్య తేడా లేకపోవడం ముఖ్యం. డీజిల్‌లో తెల్లపొగతో కూలెంట్ తగ్గుతుంటే ఈజీఆర్ కూలర్ (ఇంజన్‌లోకి తిరిగి పంపే పొగని కూలెంట్‌తో చల్లబరిచేది) కూడా చూడాలి.

పని అయ్యాక కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోసి, లోపల చిక్కిన ఎయిర్ తీసి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఇంజన్ నడపండి. మర్నాడు పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు మట్టం మళ్లీ చూడండి. ఆ అబ్బాయికీ అలాగే చూసి, డిప్‌స్టిక్ పై గీత దాకా నింపి పంపాను. అరకు రెండుసార్లు వెళ్లొచ్చి 1,000 కిలోమీటర్లకి కొలిస్తే 150 మిల్లీలీటర్లు పట్టింది.