కిటికీ పక్కన కొత్తిమీర, సబ్జా: విత్తనం నుంచి కోత దాకా

కోనసీమలో కుండీ మొక్కలు నీళ్లు చాలక చచ్చేది తక్కువ, నీళ్లు ఎక్కువై చచ్చేది ఎక్కువ. ఇది ఒప్పుకున్నవాళ్లకే ఇంట్లో కొత్తిమీర దక్కుతుంది. మాది అమలాపురంలో మేడమీద వాటా, పెరడు లేదు. దక్షిణం కిటికీ దగ్గర నా కుట్టుమిషను, దాన్ని ఆనుకుని బల్ల మీద కుండీలు. వెలుతురు కోసం రెంటికీ పోటీ. పెళ్లిళ్ల రోజుల్లో జాకెట్ల తొందర ఉంటే తప్ప గెలుపు మొక్కలదే.

పొలం నుంచి ఒండ్రుమట్టి తేవద్దు. వరికి అంతకన్నా మంచి మట్టి లేదు కానీ, డబ్బాలో పోస్తే తడిసినప్పుడు జిగురుగా, ఆరితే గట్టిగా తయారై వేళ్లకు గాలి అందదు. మన దగ్గర కొబ్బరి పీచు తీసే చోట పొట్టుకు కొదవ లేదు. అందులో ఉప్పు ఉండవచ్చు కాబట్టి బకెట్టులో నానబెట్టడం, ఆ నీళ్లు పారబోయడం రెండు మూడు సార్లు చేయాలి. పిండిన పొట్టు రెండు పాళ్లు, వర్మీకంపోస్టు ఒక పాలు, గుప్పెడు ఇసుక కలపండి. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారకూడదు. కొత్తిమీరకు తల్లివేరు లోతుగా దిగుతుంది, నారు పీకి మళ్లీ నాటితే ఓర్చుకోదు. అందుకని జానెడు లోతున్న డబ్బాలోనే నేరుగా చల్లాలి. అడుగున కాల్చిన మేకుతో చిల్లులు పెట్టడం మరవద్దు.

మనం ధనియం అనేది రెండు గింజలు అతుక్కున్న కాయ. పీట మీద పోసి అప్పడాల కర్రతో మెల్లగా దొర్లిస్తే రెండు బద్దలవుతుంది. పొడి చేయకండి, సాంబారు పెట్టడం లేదు. రాత్రంతా నానబెట్టి, అర అంగుళం లోతున చల్లి కప్పండి. మొలక రావడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఐదో రోజుకే ఓపిక పోయి చెంబుతో నీళ్లు పోసేవాళ్లే ఎక్కువ.

సబ్జా గింజల్ని మాత్రం నానబెట్టకూడదు. షర్బత్తులో చూశారుగా, తడి తగలగానే చుట్టూ జిగురు పట్టి గుంపుగా అతుక్కుంటాయి. పొడి గింజలే తడి పొట్టు మీద పలచగా చల్లి, పైన చిటికెడు పొట్టు రాల్చి, నీళ్లు చిలకరిస్తే చాలు. వారం లోపే మొలుస్తాయి. కిరాణా కొట్టులో కొన్నవైనా ఫరవాలేదు, పాతవి కాకపోతే.

అసలు గండం మొలకలు వచ్చాకే. సాయంత్రం నిటారుగా నిలబడ్డ మొలక తెల్లారేసరికి పడిపోయి ఉంటుంది. దగ్గరగా చూస్తే మట్టిని తాకే చోట కాడ నీరు పట్టి, దారంలా సన్నబడి ఉంటుంది. అదే నారుకుళ్లు. మన గాలిలో తేమకు తోడు తడి మట్టి ఉంటే అది డబ్బా అంతా పాకుతుంది. చల్లేముందే ఎరువుల కొట్లో దొరికే ట్రైకోడెర్మా విరిడి (కుళ్లు తెచ్చే బూజును అణిచే మేలురకం బూజు పొడి) ఒక చెంచా తీసుకుని వర్మీకంపోస్టులో కలిపితే కొంత రక్షణ. పైనుంచి నీళ్లు పోయకుండా, పళ్లెంలో నీళ్లు పోసి డబ్బాను పావుగంట నిలబెట్టి, మిగిలినవి పారబోయండి. డబ్బా ఎత్తి చూసి తేలిగ్గా అనిపించినప్పుడే మళ్లీ. మా అత్తగారు తులసికోట అలవాటులో పొద్దున్నే చెంబు పట్టుకొస్తారు, ఆ బల్ల దగ్గరికి చెంబు రానివ్వను. మధ్యాహ్నం గంటసేపు ఫ్యాను నెమ్మదిగా తిరగనిస్తే ఆకుల మీద తడి ఆరుతుంది, కాడలూ గట్టిపడతాయి.

చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి దక్షిణం కిటికీలోకి ఎండ బాగా వస్తుంది. కొత్తిమీరకు కార్తీకం నుంచి మాఘం దాకా అదే చోటు. మే, జూన్, జూలైలో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరంగా ఉంటాడు, ఆ కిటికీకి నేరుగా ఎండ తగలదు. అప్పుడు సబ్జాను తూర్పు కిటికీకి మార్చండి. కొత్తిమీర వేడికి ఎలాగూ సరిగా మొలవదు, మొలిచినా ఆకు పెట్టక పూతకు పోతుంది. తుపాను మబ్బు పట్టి మొలకలు పొడుగ్గా సాగిపోతుంటే, ఎల్ఈడీ ట్యూబులైటు జానెడు ఎత్తున వేలాడదీసి రోజుకు 14 గంటలు వెలిగించాలి.

ఒత్తుగా వచ్చిన మొలకల్ని పీకవద్దు, పక్కవాటి వేళ్లు కదులుతాయి. దారాలు తెంపే చిన్న కత్తెరతో మొదలు దగ్గర కత్తిరించి రెండు వేళ్ల ఎడం ఉంచండి. తీసిన మొలకలు చారులోకి. సుమారు నలభై రోజులకు కొత్తిమీర కోతకు వస్తుంది. పక్షానికొక డబ్బా చల్లుతుంటే కొరత ఉండదు. సబ్జా జానెడు ఎదిగాక కొస చిగురును జంట ఆకుల పైన తుంచితే రెండు కొమ్మలవుతుంది. వెన్ను కనిపిస్తే వెంటనే గిల్లేయాలి, పూతకు వెళ్తే ఆకు తగ్గుతుంది.

పుదీనాకు విత్తనాల పొట్లం కొనడం డబ్బు దండగ. బజారు కట్టలోంచి గట్టి కాడ తీసి గ్లాసు నీళ్లలో పెట్టినా వేళ్లు దిగుతాయి. మరువానికీ కాడే మేలు. కడియం వైపు వెళ్లినప్పుడు నర్సరీలో ఒక మొక్క తెచ్చుకుంటే దాని కొమ్మలే నాటుకోవచ్చు.