బండికి పెట్రోల్ అందట్లేదా? కార్బరేటర్ విప్పేముందు ఇలా చెక్ చేసుకోండి

కిక్ కొడితే స్టార్ట్ అవ్వదు, ఒకవేళ స్టార్ట్ అయినా రెండు కిలోమీటర్లు పోయాక దానంతటదే ఆగిపోతుంది, రేజ్ ఇస్తే మిస్సింగ్ కొడుతుంది. ఇలా కాగానే చాలామంది ముందు పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి పంపే కార్బరేటర్ మీద పడతారు, కొన్నిచోట్ల అయితే కొత్తదే వేయించేస్తారు. నిజానికి అది ఆఖర్న ముట్టుకోవాల్సింది. పాత స్ప్లెండర్, ప్యాషన్ లాంటి కార్బరేటర్ బళ్లలో పెట్రోల్‌కి పంపేమీ ఉండదు, ట్యాంక్ పైన, కార్బరేటర్ కింద, దాని బరువుకి అదే దిగుతుంది, అంతే. అందుకని పైనుంచి మొదలుపెట్టి ఒక్కో చోట "ఇక్కడిదాకా వచ్చిందా" అని చూసుకుంటూ కిందకి దిగితే ఎక్కడ ఆగిందో దొరికిపోతుంది.

ఇదంతా ఇంజన్ చల్లారాక, ఆరుబయటే చేయండి, దగ్గర్లో సిగరెట్ గానీ పొయ్యి గానీ ఉండకూడదు. పెట్రోల్ పట్టడానికి ఒక చిన్న గాజు సీసా పెట్టుకోండి, గాజుదే ఎందుకో కింద చెప్తాను.

ముందు ఇది పెట్రోల్ సమస్యేనా కాదా తేల్చుకోవాలి. ట్యాంక్ కిందుండే పెట్రోల్ నాబ్ ఆన్‌లో పెట్టి, చోక్ లాగి, ఓ పది కిక్కులు కొట్టి స్పార్క్ ప్లగ్ విప్పి చూడండి. మొన పొడిగా ఉంటే పెట్రోల్ లోపలికి రావట్లేదు. తడిసి వాసన కొడుతుంటే పెట్రోల్ వస్తోంది, అప్పుడు కరెంట్ రాకపోవడమో, పెట్రోల్ ఎక్కువైపోవడమో అయ్యుంటుంది.

పొడిగా ఉందంటే ట్యాంక్ దగ్గరికి రండి. నాబ్ ఎప్పుడూ రిజర్వ్‌లోనే వదిలేసే అలవాటుంటే ట్యాంక్ మొత్తం ఖాళీ అయ్యేదాకా తెలీదు, కాబట్టి మూత తీసి బండి ఊపి చూడండి. ఇంక ఆ మూత సంగతి. దానికి గాలి లోపలికి పోయే సన్నని దారి ఒకటి ఉంటుంది, దుమ్ము, తుప్పు చేరి అది మూసుకుపోతే పెట్రోల్ దిగేకొద్దీ లోపల గాలి పలచబడి పెట్రోల్‌ని కిందకి రానివ్వదు, నీళ్ల క్యాన్ బోర్లిస్తే గుడగుడమని ఆగి ఆగి పడ్డట్టు. బండి కొంచెం దూరం బాగా పోయి, ఆగిపోయి, కాసేపు నిలబెడితే మళ్లీ స్టార్ట్ అవుతోందంటే మొదటి అనుమానం దీని మీదే పెట్టుకోండి. ఈసారి ఆగినప్పుడు వెంటనే మూత తెరవండి, గాలి పీల్చుకున్న చప్పుడొచ్చి కాసేపట్లోనే బండి అందుకుంటే దొరికినట్టే, మూత శుభ్రం చేసుకుంటే చాలు.

తర్వాత నాబ్. ఆఫ్ చేసి, కార్బరేటర్ దగ్గర పైపు లాగి సీసాలో పెట్టి ఆన్ చేయండి. ధార ఆగకుండా పడాలి. చుక్కలుగా వస్తుంటే నాబ్ లోపలి జాలీ మూసుకుపోయింది, లేదా పైపు మధ్యలో ఫిల్టర్ నిండిపోయింది, ఫిల్టర్ తీసేసి మళ్లీ చూస్తే రెండిట్లో ఏదో తేలిపోతుంది. ఈమధ్యే ట్యాంక్ దించి పెట్టారా? అయితే పైపు ఎక్కడైనా మడత పడి నొక్కుకుందేమో కూడా చూడండి. ఒక్క మాట, కొన్ని బళ్లలో నాబ్ వ్యాక్యూమ్‌తో తెరుచుకుంటుంది, ఇంజన్ తిరిగితేనే పెట్రోల్ వదుల్తుంది, వాటిలో ధార రాలేదని కంగారు పడొద్దు.

ధార బాగుంటే పైపు తగిలించి, కార్బరేటర్ అడుగున గిన్నెకుండే డ్రెయిన్ స్క్రూ కొంచెం వదులు చేయండి. నన్నడిగితే అన్నిట్లోకీ ఎక్కువ విషయం చెప్పేది ఈ స్క్రూనే. గిన్నెలో ఉన్నది దిగిపోయాక కూడా ధార కొనసాగాలి. అసలేమీ రాకపోయినా, కొంచెం వచ్చి ఆగినా, గిన్నెలోకి పెట్రోల్‌ని వదిలి ఆపే ఫ్లోట్ నీడిల్ ఇరుక్కుంది, స్క్రూడ్రైవర్ పిడితో గిన్నె మీద మెల్లగా తడితే ఒక్కోసారి వదిలేస్తుంది. పట్టిన పెట్రోల్‌ని సీసాలో కాసేపు కదలకుండా ఉంచండి, అడుగున వేరే పొరలా గానీ బుడగల్లా గానీ కనిపిస్తే అవి నీళ్లు. ఇప్పుడొచ్చే పెట్రోల్‌లో ఎథనాల్ కలుస్తోంది, అది తేమ పీల్చుకుంటుంది, ఎక్కువైతే నీళ్లతో కలిసి అడుగుకి చేరుతుంది. వానాకాలంలో బండి చాన్నాళ్లు కదపకుండా పెట్టేవాళ్లు ఇది తప్పక చూసుకోవాలి, నీళ్లు కనపడితే గిన్నె ఒక్కటే కాదు ట్యాంక్ కూడా దింపి కడగాలి.

గిన్నెదాకా అంతా బాగుంటే అప్పుడు జెట్లు, అంటే గిన్నెలోంచి పెట్రోల్ పైకి వెళ్లే సన్న రంధ్రాల ఇత్తడి ముక్కలు. చోక్ లాగితేనే నడిచి, వదలగానే ఆగిపోతే పైలట్ జెట్. ఐడిల్ బాగుండి స్పీడ్‌లో లాగకపోతే మెయిన్ జెట్. దయచేసి సూది, తీగ పెట్టి పొడవొద్దు, అది మెత్తటి ఇత్తడి, రంధ్రం పెద్దదైతే మైలేజ్ పోయినట్టే. కార్బరేటర్ క్లీనర్ కొట్టి గాలి పట్టించండి. ఎయిర్ స్క్రూ తీసేముందు బిగించి ఎన్ని చుట్లో లెక్క పెట్టుకోండి, మళ్లీ పెట్టేటప్పుడు అన్నే చుట్లు వదలాలి.

కార్బరేటర్ అడుగున వేలాడే ఓవర్‌ఫ్లో పైపు నుంచి పెట్రోల్ కారుతోందంటే నీడిల్ మూసుకోవట్లేదు, బాగయ్యేదాకా బండి పెట్టినప్పుడల్లా నాబ్ ఆఫ్ చేయండి. ఇంజన్ ఆయిల్ పెట్రోల్ వాసన వస్తే ఆయిల్ మార్చకుండా స్టార్ట్ చేయొద్దు.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 (పొగ నిబంధన) బళ్లు దాదాపు అన్నీ ఇంజెక్షన్‌వి, అంటే కార్బరేటర్ బదులు పెట్రోల్‌ని ప్రెజర్‌తో చిమ్మేవి, వాటిలో ట్యాంక్‌లోనే పంపు ఉంటుంది. కిల్ స్విచ్ ఆన్‌లో ఉంచి తాళం తిప్పితే రెండు మూడు సెకన్లు సన్నగా జుయ్‌మని వినపడాలి. వినపడకపోతే బ్యాటరీ, ఫ్యూజ్ చూడండి, ఇంజన్ లైట్ ఆరట్లేదేమో కూడా. పంపు తిరుగుతున్నా స్టార్ట్ కాకపోతే పైపు మాత్రం లాగొద్దు, లోపల ప్రెజర్ ఉంటుంది, గేజ్ పెట్టి చూడాలి, అది వర్క్‌షాప్ పని.