లైట్‌హౌస్ కొలాజ్: సముద్రం చూడని పిల్లలతో వచ్చే చిక్కులు

వరంగల్, హనుమకొండ బడుల్లో మూడు, నాలుగు తరగతుల పిల్లలకు కత్తెర పని త్వరగానే పట్టుబడుతుంది. కాగితపు ముక్కలు అతికించి చేసే ఈ లైట్‌హౌస్ బొమ్మ (కొలాజ్) దగ్గర తప్పులన్నీ చూపులోంచే పుడతాయి. వాళ్లలో చాలామంది సముద్రం చూసి ఉండరు. అందుకే జిగురు సంగతి చివర, నీటి సంగతి ముందు.

సమస్య: సముద్రం చెరువులా ఉంది.
కారణం: పిల్లలు ఎరిగిన పెద్ద నీళ్లు పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు. వాటి వెనక గుట్టలో చెట్లో ఉంటాయి. కాబట్టి నీలం కాగితం పైన వరుసగా గుట్టలు అతికిస్తారు.
పరిష్కారం: గుట్టలు పీకించకండి. "ఆవలి గట్టు కనిపించకపోతే నీళ్లు ఎక్కడ ముగుస్తాయి?" అని అడగండి. ఆకాశం అంటిన ఆ ఒక్క గీతనే స్కేలు పెట్టి కత్తిరించాలి. మిగతా అలలన్నీ చేత్తో చింపాలి. దూరపు పట్టీలు సన్నగా, దగ్గరవి వెడల్పుగా ఉండాలి. పైనుంచి కిందికి, ఒకదాని అంచును మరొకటి కప్పేలా అతికిస్తూ రావాలి. వెనక తెల్లగా ఉండే గ్లేజ్ పేపర్ చింపితే ఒక ముక్కకు తెల్లని అంచు మిగులుతుంది. నురుగుకు అంతకన్నా మంచిది దొరకదు.
పిల్లలు తామే తీసిన గుట్టను పారేయక్కర్లేదు. విశాఖపట్నంలో లైట్‌హౌస్ డాల్ఫిన్స్ నోస్ కొండ మీదే ఉంది. గుట్టను ముందుకు జరిపి, హనుమకొండలోని పద్మాక్షి గుట్ట బండలను తలచుకుంటూ బూడిదరంగు ముక్కలు పేర్చమనండి.

సమస్య: లైట్‌హౌస్ ధ్వజస్తంభంలా సన్నగా నిలబడింది.
కారణం: దాని పని ఏమిటో ఎవరూ చెప్పలేదు.
పరిష్కారం: గాలికి, అలలకు తట్టుకోవడానికి అడుగు వెడల్పుగా ఉంటుందని, పైన దీపానికి అద్దాల గది ఉంటుందని చెప్పండి. కాగితాన్ని నిలువుగా మడిచి, తెరిచి ఉన్న అంచు వైపు ఏటవాలుగా కత్తిరిస్తే రెండు పక్కలా సమానంగా వస్తుంది.

సమస్య: ఎర్ర చారలు అంచులు దాటి బయటికి వచ్చాయి.
కారణం: లైట్‌హౌస్ గోపురం కత్తిరించాక చారలు అతికించారు.
పరిష్కారం: వరుస మార్చండి. తెల్ల కాగితం మీద ముందు చారలు, ఆరాక వెనక వైపు గోపురం గీసి కోత. చారలు అందానికే కాదు, పగటిపూట నావికులు ఇది ఏ తీరమో గుర్తుపట్టడానికి. చెన్నై మెరీనా లైట్‌హౌస్‌కు ఎరుపు, తెలుపు పట్టీలుంటాయి. మన పిల్లల తీరం ఊహలోదే కనుక ఒక్కో బృందాన్ని తన రంగులు ఎంచుకోనివ్వండి. అందరూ ఎరుపే వాడితే ఓడలు తికమకపడవూ!

సమస్య: వెలుగు కనిపించడం లేదు.
కారణం: లేత నీలం మీద పసుపు.
పరిష్కారం: బొమ్మలో రాత్రి వేళను చూపించండి. ముదురు నీలం చార్టు మీద సంక్రాంతికి మిగిలిన పసుపు పతంగి కాగితం అతికిస్తే వెనక ఆకాశం లీలగా తెలుస్తుంది. జిగురు మాత్రం చార్టుకే రాయాలి, పతంగి కాగితానికి రాస్తే చినిగిపోతుంది.

సమస్య: చార్టు ముడతలు పడి వంకర తిరిగింది.
కారణం: నీళ్లెక్కువైన జిగురు. మైదా జిగురుతో ఇది మరీ ఎక్కువ.
పరిష్కారం: జిగురును అంచులకే పలుచని పూతగా రాయించండి. కాస్త ఆరాక పుస్తకాల బరువు కింద రాత్రంతా ఉంచండి. మధ్యలో ప్లాస్టిక్ కవరు వేయకపోతే లెక్కల పుస్తకం కూడా కొలాజ్‌లో చేరిపోతుంది.