పోయిన పాత టాకీ వివరాలు వెతకడం ఎలా?

తెలుగులో మొదటి టాకీ (మాటలు వినిపించే సినిమా) ‘భక్త ప్రహ్లాద’ను ఇప్పుడు ఎవరూ చూడలేరు. ఒక్క ప్రింటూ మిగల్లేదు. అయినా దాని గురించి మనకు ఇంత తెలుసంటే అదంతా పాత కాగితాల పుణ్యమే. అలా పోయిన టాకీ ఏదైనా సరే, వెతికే పద్ధతి ఒకటే.

ముందు తేదీ తేల్చుకోండి. అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని దశాబ్దాల పాటు అందరూ రాస్తూ వచ్చారు. జర్నలిస్టు రెంటాల జయదేవ పాత రికార్డులు తవ్వితే, బొంబాయిలో సెన్సార్ సర్టిఫికెట్ ఇచ్చిందే 1932 జనవరి 22న అని బయటపడింది. సెన్సార్ కాకుండా సినిమా ఆడదు కదా! విడుదలేమో ఫిబ్రవరి 6న, బొంబాయి కృష్ణా సినిమా థియేటర్‌లో అని తేలింది. అందుకే మీరూ ముందు సెన్సార్ తేదీ పట్టుకోండి. ఆ తర్వాతి వారాల పత్రికల్లో ప్రకటనలు చూస్తే చాలు, ఏళ్ల సంచికలన్నీ తిరగేయాలన్న టెన్షన్ ఉండదు. వేటపాలెం సారస్వత నికేతనం లాంటి పాత గ్రంథాలయాలకు వెళ్లండి. తొలి టాకీలు చాలావరకు బొంబాయి, కలకత్తా స్టూడియోల్లో తీసినవే కాబట్టి ఆ ఊళ్ల పత్రికలనూ వదలొద్దు.

తర్వాత నిడివి. రికార్డుల్లో అది ఫిల్మ్ పొడవుగా, అడుగుల్లో ఉంటుంది. 35 ఎం.ఎం. టాకీ నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. ‘భక్త ప్రహ్లాద’ 9,762 అడుగులు, అంటే సుమారు 108 నిమిషాలు. మాటల్లేని మూకీలకు ఈ లెక్క పనికిరాదు, వాటి వేగం మారుతూ ఉండేది.

కథ కోసం మూల నాటకం చదవండి. హెచ్.ఎం. రెడ్డి తీసిన ఈ సినిమాకు ఆధారం ధర్మవరం రామకృష్ణమాచార్యులు నాటకం. లీలావతిగా నటించిన సురభి కమలాబాయి కూడా రంగస్థలం నుంచి వచ్చినావిడే. అయితే నాటకంలోని ప్రతి పద్యం తెరమీదా ఉందని మాత్రం రాసేయకండి.

ఫోటోల విషయంలో మరీ జాగ్రత్త. ఇదే పేరుతో 1942లో, 1967లో కూడా సినిమాలు వచ్చాయి. ఫోటో ఎక్కడ అచ్చయిందో తెలియకపోతే వాడొద్దు.

పాటల పుస్తకం దొరికితే చిరుగులకు టేపు అంటించకుండా, ముందు ప్రతి పేజీ ఫోటో తీయండి. అటక మీద రీలు కనబడితే ప్రొజెక్టర్‌కు ఎక్కించకండి. ఆనాటి నైట్రేట్ ఫిల్మ్ ఇట్టే అంటుకుంటుంది, నీళ్లు పోసినా ఆరదు. వేడికి, నిప్పుకు దూరంగా పెట్టి పుణెలోని నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్‌కు కబురు చేయండి.