ఇంటి నెట్ మరమ్మతు, 4వ పాఠం: 169తో మొదలయ్యే నంబరు

ఈసారి నేరుగా అడ్రసుల సంగతికి, అంటే నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికి ఉండే నంబర్ల సంగతికి వెళ్దామనుకున్నాను. కానీ పోయిన పాఠం చదివి కొందరు రౌటర్ వెనకున్న చిన్న రంధ్రంలో సూది పెట్టి నొక్కేశారు. అప్పటిదాకా కాస్తో కూస్తో వస్తున్న నెట్ పూర్తిగా పోయింది. తప్పు నాదే. "ఒకసారి రీసెట్ చేసి చూడండి" అని రాశాను. ఆపి మళ్లీ వెయ్యమని నా ఉద్దేశం. మా ఇంట్లో రెంటికీ అదే మాట వాడతాం, అలవాటులో పడిపోయింది.

రీస్టార్ట్ అంటే ప్లగ్ దగ్గర స్విచ్ ఆపి, ఒక నిమిషం ఆగి వెయ్యడం. సెట్టింగులన్నీ అలాగే ఉంటాయి. రీసెట్ అంటే ఆ రంధ్రంలో బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవడం. డబ్బా ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు ఎలా ఉందో అలా అయిపోతుంది. మీరు పెట్టుకున్న వైఫై పేరు, పాస్‌వర్డ్ పోతాయి. మీది పీపీపీఓఈ కనెక్షన్ (రౌటర్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చెప్పి కంపెనీకి కలిసే రకం) అయితే కంపెనీవాళ్లు ఎక్కించిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కూడా పోతాయి. అసలు దెబ్బ అక్కడే.

నొక్కేసినవాళ్లు కంగారు పడకండి. డబ్బా అడుగున స్టిక్కర్ మీద మొదటి వైఫై పేరు, పాస్‌వర్డ్ ఉంటాయి, వాటితో కలవండి. బ్రౌజర్‌లో 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ, స్టిక్కర్ మీద ఏది ఉంటే అది కొట్టండి, రౌటర్ సెట్టింగుల పేజీ తెరుచుకుంటుంది. కొన్ని డబ్బాలు కంపెనీ నుంచి సెట్టింగులు వాటంతట అవే తెచ్చుకుంటాయి, కాబట్టి పది నిమిషాలు ఆగి చూడండి. తెచ్చుకోకపోతే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో పాటు వీలాన్ నంబరు (కంపెనీ లైనులో మీ నెట్ ఏ వరసలో వెళ్లాలో చెప్పే నంబరు) కూడా అడిగి ఆ పేజీలో ఎక్కించండి. చాలామంది ఈ మూడోది అడగరు. అది అవసరమైనచోట, అది లేకుండా మిగతావన్నీ సరిగ్గా ఉన్నా కలవదు. ఈ మూడూ నేను కాగితం మీద రాసి కరెంటు మీటరు పెట్టె తలుపు లోపల అతికించాను. ఫోన్‌లో దాచుకుంటే అవసరమైన రోజు ఆ ఫోన్‌కే చార్జింగ్ ఉండదు.

సరే, ఇక పాఠం. డబ్బా మీద లైట్లు చూడటం రెండో పాఠంలో అయింది. ఎల్‌ఓఎస్ లైటు ఎర్రగా ఉంటే ఫైబర్ నుంచి సిగ్నల్ రావడం లేదని అర్థం. కంప్యూటర్‌లో ఏం నొక్కినా లాభం లేదు, కంపెనీకి ఫోన్ చెయ్యడమే. లైట్లు బాగుండి నెట్ రాకపోతేనే ఇక్కడి నుంచి చదవండి.

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టండి. చాంతాడంత చిట్టా వస్తుంది. అందులో ఐపీవీ4 అడ్రస్ (మీ కంప్యూటర్ నంబరు), డిఫాల్ట్ గేట్‌వే (బయటికి దారి చూపే డబ్బా నంబరు), ఈ రెండు వరసలే చూడండి. అడ్రసు 192.168తో గానీ 10తో గానీ మొదలై, గేట్‌వే దగ్గర మీ రౌటర్ నంబరు ఉంటే మీకూ రౌటర్‌కీ మాట కలిసినట్టే.

169.254తో మొదలైతే మాత్రం ఆగండి. "అడ్రసు వచ్చింది కదండీ, మరి నెట్ ఎందుకు రాదు?" అని నన్ను అడిగినన్నిసార్లు ఇంకే ప్రశ్నా అడగలేదు. అది ఎవరూ ఇచ్చిన అడ్రసు కాదు. ఆస్పత్రి ఓపీకి వెళ్లారనుకోండి. కౌంటర్‌లో టోకెన్ అడిగారు, లోపల ఎవరూ లేరు. చూసి చూసి మీరే ఒక చీటీ చించి దాని మీద నంబరు రాసుకుని బెంచీ మీద కూర్చున్నారు. డాక్టరు ఆ నంబరు పిలుస్తాడా? కంప్యూటర్ చేసేదీ అదే. నంబర్లు పంచే పనిని డీహెచ్‌సీపీ అంటారు, ఇళ్లలో ఆ కౌంటర్ రౌటర్‌లోనే ఉంటుంది. అక్కడినుంచి జవాబు రాకపోతే కంప్యూటర్ 169.254 వరసలోంచి ఒక నంబరు తనే పెట్టేసుకుంటుంది. విండోస్ 98 నాటి నుంచీ ఇదే తంతు. రెండు కంప్యూటర్లను ఒక వైరుతో కలిపితే ఆ నంబర్లతో మాట్లాడుకోగలవు, అంతే. రౌటర్ దాన్ని బయటికి పంపదు.

అందుకే 169 కనబడ్డాక బ్రౌజర్ తీసేసి మళ్లీ వేసుకోవడం, డీఎన్‌ఎస్ (సైట్ పేరుకు నంబరు వెతికిపెట్టేది) మార్చడం, కంపెనీని తిట్టడం, అన్నీ దండగ. తేడా మీ గదికీ రౌటర్‌కీ మధ్యే ఉంది. నేనైతే ముందు రౌటర్ ఆపి వేస్తాను. తర్వాత వైరు రెండు చివరలూ తీసి పెడతాను. మధ్యలో చిన్న నెట్‌వర్క్ స్విచ్ (ఒక వైరును నాలుగైదు కంప్యూటర్లకు పంచే డబ్బా) ఉంటే దాని నుంచి రౌటర్‌కి వెళ్లే వైరు చూస్తాను. ఆ వైరు ఊడినా మీ కంప్యూటర్ దగ్గర లైటు వెలుగుతూనే ఉంటుంది, చాలామంది అక్కడే మోసపోతారు. వైఫై ఎక్స్‌టెండర్ కూడా అంతే. గుర్తు నిండుగా చూపిస్తుంది, దానికే రౌటర్ అందదు.

ఒక్కోసారి 192.168 వచ్చినా మోసమే. తెలిసినవాళ్ల ఇంట్లో మేడ మీద సిగ్నల్ కోసం పాత రౌటర్ ఒకటి తగిలించారు. ఇంట్లో సగం ఫోన్లకు నెట్ వస్తుంది, సగానికి రాదు. ఆపి వేస్తే రానివాటికి వస్తుంది, వచ్చినవాటికి పోతుంది! రెండు డబ్బాలూ టోకెన్లు పంచుతున్నాయి మరి. పాతదాని చేతికి చిక్కినవాటికి గేట్‌వేగా దాని నంబరే వచ్చింది, దాని వెనక ఇంటర్నెట్టే లేదు. పాతదాంట్లో డీహెచ్‌సీపీ ఆపి, కొత్తదానితో తగాదా రాకుండా దాని నంబరు మార్చి, కొత్తదాని నుంచి వచ్చే వైరు దాని ల్యాన్ పోర్టులో (ఇంట్లో పరికరాలు తగిలించే సాకెట్‌లో) పెట్టాక కుదుటపడింది.

గేట్‌వే సరిగ్గా ఉంటే పింగ్ మూడుసార్లు. పింగ్ (ping) అంటే అవతలివాళ్లు పలుకుతారా అని పిలిచి చూసే కమాండ్, దాని పక్కన నంబరో పేరో కొట్టాలి. ముందు గేట్‌వే నంబరు, తర్వాత 8.8.8.8 (బయట ఉన్న గూగుల్ సర్వర్), చివరికి ఏదైనా సైట్ పేరు. నంబరుకు జవాబొచ్చి పేరుకు రాకపోతే అది డీఎన్‌ఎస్, వచ్చే పాఠం. ఈ పరీక్షలు ఫోన్‌లో చెయ్యకండి. వైఫైలో నెట్ లేకపోతే అది చప్పుడు చెయ్యకుండా మొబైల్ డేటాకి మారిపోయి అంతా బాగుందంటుంది.

అభ్యాసం ఒక్కటే, కాస్త గట్టిది. ముందు మీ గేట్‌వే నంబరు, రౌటర్ పేజీ పాస్‌వర్డ్ కాగితం మీద రాసుకోండి. నెట్ బాగున్న రోజు రౌటర్ పేజీలో డీహెచ్‌సీపీ ఆపండి. కంప్యూటర్‌లో ఐపీకాన్ఫిగ్ స్లాష్ రిలీజ్ (ipconfig /release), తర్వాత స్లాష్ రెన్యూ (ipconfig /renew) కొట్టండి. మొదటిది ఉన్న నంబరు వదిలేస్తుంది, రెండోది కొత్తది అడుగుతుంది. రిలీజ్ మానేస్తే పాత నంబరే పట్టుకుని కూర్చుంటుంది. కాసేపటికి 169 వస్తుంది, రౌటర్ పేజీ తెరుచుకోదు. ఇప్పుడు విండోస్ నెట్‌వర్క్ సెట్టింగుల్లో అడ్రసు మీ చేత్తో పెట్టండి. చుక్కలతో విడగొట్టిన నాలుగు సంఖ్యల్లో మొదటి మూడూ గేట్‌వేవే, చివరిది 50. సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0. పేజీలోకి వెళ్లి డీహెచ్‌సీపీ మళ్లీ వేసి, కంప్యూటర్‌ని ఆటోమేటిక్‌కి మార్చండి. ఇంట్లో ఎవరికీ ఆన్‌లైన్ క్లాసు, మీటింగు లేని పూట చూసుకోండి. సూది మాత్రం దగ్గర పెట్టుకోవద్దు.